చిన్న స్నో బ్లోయర్ ఎన్ని బస్తాల మంచు ఎత్తిపోస్తుంది?

తెలుగులో మంచు అనే ఒక్క మాటతో చాలా పనులు నడిపేస్తాం. సంక్రాంతి రోజుల్లో పొలాల మీద పొగలా పరుచుకునేది మంచే. తెల్లవారుజామున గడ్డిపరక కొసన మెరిసే బొట్టు మంచే. హిమాలయాల మీద పేరుకున్నదీ మంచే. ఆ ఒక్క మాటను వెంటబెట్టుకుని అమెరికా ఉత్తర రాష్ట్రాలకో కెనడాకో వస్తాం, ఇల్లు కొనుక్కుంటాం, తొలి శీతాకాలం రాకముందే గరాజులోకి ఒక చిన్న విద్యుత్ స్నో బ్లోయర్ తెచ్చిపెట్టుకుంటాం. పడేది మంచు, ఇది మంచు తీసే యంత్రం, ఇంకేం కావాలి అనిపిస్తుంది.

మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ శివార్లలోని మా ఇంటికి నేనూ అలాగే ఒకటి కొన్నాను. డిసెంబరులో పడిన ఆరు అంగుళాల మంచును అది పిండి ఎగరేసినట్టు ఎగరేసింది. ఫిబ్రవరిలో మళ్లీ ఆరు అంగుళాలే పడింది. ఈసారి యంత్రం సగం దూరం వెళ్లి మూలగడం మొదలుపెట్టింది. గొట్టం తడి ముద్దలతో పూడుకుపోయింది. పని సగం కూడా కాకముందే బ్యాటరీ అయిపోయింది. యంత్రం పాడైందనుకుని మరమ్మతుకు ఇవ్వబోయాను. దానిలో ఏ లోపమూ లేదు. ఆ రెండు రోజుల్లో పడినవాటి పేరు ఒకటే, బరువు వేరు.

లెక్క వేసి చూద్దాం. గరాజు నుంచి రోడ్డు దాకా ఉండే బాటే డ్రైవ్‌వే. రెండు కార్లు పక్కపక్కన పట్టేది సుమారు 12 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉంటుంది. దాని మీద 15 సెంటీమీటర్ల మంచు, అంటే ఆరు అంగుళాలు, పడితే 9 ఘనమీటర్లు. బాగా చలిగా ఉన్న రోజున పడే పొడి మంచు ఘనమీటరుకు 80 కిలోలు తూగుతుందనుకుంటే మొత్తం 720 కిలోలు. సున్నా డిగ్రీల దగ్గర పడే తడి మంచు ఘనమీటరుకు 250 కిలోలు తూగగలదు. అప్పుడు మొత్తం 2,250 కిలోలు. మనకు అలవాటైన 75 కిలోల వడ్ల బస్తాల్లో చెప్పుకుంటే, మొదటి రోజు పది బస్తాల లోపు, రెండో రోజు ముప్పై బస్తాలు. కిటికీలోంచి చూసేవాళ్లకు రెండు రోజులూ ఒకే ఎత్తు తెల్లటి పరుపు కనిపిస్తుంది. తడిసి మోపెడవడం అనే మాటకు ఇంతకంటే నిక్కమైన ఉదాహరణ నాకు మరొకటి దొరకలేదు.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? మంచు రేకుల మధ్య చిక్కుకున్న గాలి నుంచి. గడ్డకట్టే చలిలో రేకులు విడివిడిగా దిగి, వాటి కొమ్మల మధ్య ఖాళీ వదులుతూ పేరుకుంటాయి. ఆ పరుపులో నూటికి తొంభై వంతులు గాలే. సున్నా దగ్గర రేకుల అంచులు కరిగి, ఒకదానికొకటి అతుక్కుని కుదించుకుపోతాయి. ఒక అంగుళం వర్షానికి సరిపడే నీరు సగటున పది అంగుళాల మంచు అవుతుందని ఇక్కడివాళ్లు చెప్పే లెక్క. చలి ముదిరితే అదే నీరు పదిహేను అంగుళాలకు పైగా పొంగుతుంది, తడిగా పడితే ఐదారు అంగుళాలకు అణిగిపోతుంది. వాతావరణ కేంద్రం చెప్పే అంగుళాల కంటే గుమ్మం బయట చేసే ఒక చిన్న పరీక్ష మీద నాకు నమ్మకం ఎక్కువ. చేతి తొడుగుతో గుప్పెడు మంచు తీసుకుని సున్నుండలా చుట్టి చూస్తాను. నెయ్యి చాలని సున్నుండలా రాలిపోతే పొడి మంచు, యంత్రానికి పండగ. గట్టిగా ఉండ కడితే నెమ్మదిగా నడవాల్సిన రోజు. పిండితే నీళ్లు కారితే యంత్రాన్ని కదిలించకపోవడమే మేలు, పార తీసుకుని నెట్టడమే దారి.

ఇక యంత్రం సంగతి. ఇళ్లలో వాడే చిన్న విద్యుత్ స్నో బ్లోయర్లు దాదాపు అన్నీ ఒకే అంచె యంత్రాలు. ముందు నోట్లో అడ్డంగా ఒక ఇరుసు, దానికి రబ్బరు అంచున్న తెడ్లు ఉంటాయి. ఆ తెడ్లే నేలను గీరుతాయి, మంచును తవ్వుతాయి, మధ్యకు చేరుస్తాయి, గొట్టంలోంచి బయటకు విసురుతాయి. రెండంచెల పెద్ద యంత్రాల్లో తవ్వే పని ఒక మర చేస్తుంది, విసిరే పని వెనుకనున్న మరో చక్రం చేస్తుంది. రోడ్ల మీద ఇలా ఊడ్చుకుంటూ విసిరే తొలి యంత్రాల్లో ఒకదాన్ని 1925లో కెనడాలోని మాంట్రియల్ ప్రాంతంలో ఆర్థర్ సికార్డ్ తయారు చేశాడు. పొలంలో నూర్పిడి యంత్రాన్ని చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. గడ్డి ఒకవైపు, గింజ ఒకవైపు ఎగిరిపడే నూర్పిడి చూసిన మన రైతు బిడ్డలకు ఆ ఊహ ఎలా పుట్టిందో వివరించనక్కరలేదు.

ఒకే అంచె కావడంలో ఒక సుఖం, ఒక ఇబ్బంది ఉన్నాయి. తెడ్లు నేలను తాకుతాయి కాబట్టి సిమెంటు, తారు బాటలు దాదాపు నేల తేలేదాకా శుభ్రమవుతాయి. కంకర బాట అయితే అవే తెడ్లు రాళ్లను కూడా విసురుతాయి, కిటికీ అద్దాలో ఎవరి మోకాలో పగులుతుంది. కంకర ఇంటివాళ్లు దీన్ని కొనకూడదు. అసలు ఇబ్బంది మాత్రం వేగంలో ఉంది. మంచు ఎంత దూరం పడుతుందన్నది తెడ్డు కొస వేగానికి వర్గంగా మారుతుంది. వేగం సగానికి పడిపోతే విసురు నాలుగో వంతుకు పడిపోతుంది. బరువెక్కువై తెడ్లు కాస్త నెమ్మదించగానే మంచు గొట్టం పైదాకా చేరలేక అక్కడే కూలబడుతుంది. దాని మీద వెనకాలది వచ్చి పడుతుంది. ఫిబ్రవరిలో నా యంత్రానికి జరిగింది అదే. అంటే కాపాడుకోవలసింది తెడ్ల వేగాన్ని. దాన్ని కాపాడే మీట యంత్రంలో లేదు, నడిచేవాడి కాళ్లలో ఉంది. క్షణానికి ఎన్ని కిలోలు దాని నోట్లో పెడుతున్నామో నిర్ణయించేది మన నడక. 18 అంగుళాల నోరున్న యంత్రంతో మా డ్రైవ్‌వేకు పొడి మంచు రోజున పదమూడు చాళ్లు సరిపోతాయి. తడి రోజున సగం నోటికే మంచు అందిస్తూ ఇరవై ఆరు చాళ్లు వేస్తాను. దూరం రెట్టింపు, నడక సగం వేగం. అయినా ఆగకుండా పూర్తవుతుంది.

పెద్ద మోటారు పెట్టేస్తే సరిపోదా అని అడగవచ్చు. తీగతో నడిచే యంత్రానికి గోడలోని ప్లగ్గే హద్దు గీస్తుంది. అమెరికా ఇళ్లలో మామూలు ప్లగ్గు 120 వోల్టులు, 15 ఆంపియర్లు. గుణిస్తే 1,800 వాట్లు. మన ఊళ్లో స్నానాల గదిలో గీజరు లాగేంత. గుర్రాల బలంలో చెబితే రెండున్నర కూడా లేదు. ఏ కంపెనీ ఎంత గొప్ప బొమ్మ వేసి అమ్మినా ఆ ప్లగ్గు నుంచి అంతకు మించి రాదు.

భారతదేశం నుంచి వచ్చినవాళ్లు తరచుగా పొరబడే చోటు కూడా ఇదే. మనకు 230 వోల్టులు అలవాటు. అక్కడ 1,800 వాట్లకు ఎనిమిది ఆంపియర్లు కూడా అక్కరలేదు. ఇక్కడ పదిహేను కావాలి. తీగలో పుట్టే వేడి కరెంటుకు వర్గంగా పెరుగుతుంది కాబట్టి, అదే మందం తీగలో అదే పనికి ఇక్కడ మూడున్నర రెట్లకు పైగా వేడి పుడుతుంది. దీపావళి దీపాల కోసం కొన్న సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగను స్నో బ్లోయర్‌కు తగిలించకండి. తీగ మందానికి ఇక్కడ గేజి అంకెలు వాడతారు, అవి తలకిందులుగా నడుస్తాయి. అంకె చిన్నదైతే తీగ లావు. 100 అడుగుల 16 గేజి తీగలో 15 ఆంపియర్లు పారితే 12 వోల్టులు దారిలోనే పోతాయి, 180 వాట్లు తీగను వేడి చేయడానికే ఖర్చవుతాయి. అదే పొడవున్న 12 గేజి తీగలో పోయేది 5 వోల్టుల లోపు. యాభై అడుగుల లోపు దూరానికి 14 గేజి చాలు, వంద అడుగులకు 12 గేజి కావలసిందే. బయట వాడకానికి, చలికి తట్టుకునేదని రాసి ఉన్నదే కొనాలి. మామూలు ప్లాస్టిక్ తొడుగు గడ్డకట్టే చలిలో కర్రలా బిగుసుకుని పగుళ్లిస్తుంది. తీగను చుట్టగా వదిలేసి వాడితే ఆ చుట్ట లోపల వేడి బయటకు పోలేదు, పూర్తిగా విప్పి పరవాలి. నీళ్లు తగిలితే వెంటనే కరెంటు ఆపేసే రక్షణ ప్లగ్గు నుంచే తీగ మొదలవ్వాలి.

ఇంకొక చిన్న సంగతి. మన ఇళ్లలో చాలామందికి గరాజులో రెండో ఫ్రిజ్ ఉంటుంది. ఆ ఫ్రిజ్, స్నో బ్లోయర్ ఒకే లైను మీద ఉంటే రెండూ కలిసిన క్షణాన బ్రేకర్ పడిపోతుంది. మంచు తీసే హడావుడిలో ఆ సంగతి మరిచిపోతే, గోంగూర పచ్చడి, ఇడ్లీ పిండి ఏమయ్యాయో మర్నాడు తెలుస్తుంది.

బ్యాటరీ యంత్రానికి తీగ బాధ లేదు, గాలివానకు ఊరంతా కరెంటు పోయినా నడుస్తుంది. దాని హద్దు వేరే చోట ఉంది. డబ్బా మీద 40 వోల్టులు అని ఉంటే అది పూర్తిగా నింపినప్పటి పై అంకె. లోపల పది అరలు (సెల్స్) ఉంటాయి, పనిచేసేటప్పుడు ఒక్కొక్కటి సగటున 3.6 వోల్టులు ఇస్తుంది, మొత్తం 36. కొనేటప్పుడు వోల్టులు చూసి మురిసిపోవద్దు. వోల్టులను ఆంపియర్ గంటలతో గుణించి వచ్చే వాట్ గంటలే ట్యాంకు పరిమాణం. 36 వోల్టులు, 5 ఆంపియర్ గంటలు అంటే 180 వాట్ గంటలు. మోటారు వెయ్యి వాట్లు లాగితే పదకొండు నిమిషాల్లో ఖాళీ. 56 వోల్టులని రాసి ఉన్న 5 ఆంపియర్ గంటల బ్యాటరీలు రెండు పెట్టుకునే యంత్రంలో సుమారు 500 వాట్ గంటలు ఉంటాయి, అరగంట వస్తుంది. పెట్టె మీద రాసే నిమిషాలు ఎక్కువగా పలచటి పొడి మంచుకు వర్తించేవి. పది బస్తాల రోజు లెక్కను ముప్పై బస్తాల రోజుకు ఆశించి అలసిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

చలిలో బ్యాటరీ తన దగ్గర ఉన్నదంతా ఇవ్వదు. లోపలి ద్రావణం చిక్కబడి, రసాయన చర్య మందగించి, బరువు పడగానే వోల్టేజి కుంగిపోతుంది. ఛార్జింగ్ సంగతి ఇంకా ముఖ్యం. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీకి ఛార్జింగ్ పెడితే లిథియం లోపలికి ఇంకకుండా పైన లోహపు పూతలా పేరుకుంటుంది. అది తిరిగిరాని నష్టం. మంచి ఛార్జర్లు చల్లటి బ్యాటరీని తీసుకోవడానికి ఒప్పుకోవు, వేడెక్కేదాకా ఆగుతాయి. చేయవలసింది తేలికే. బ్యాటరీని ఇంట్లో వెచ్చగా ఉంచి, బయలుదేరే ముందు పెట్టండి. పని అయ్యాక లోపలికి తెచ్చి, గది వేడికి వచ్చాకే ఛార్జింగ్‌లో పెట్టండి. యంత్రాన్ని మాత్రం చల్లటి గరాజులోనే ఉంచండి. వెచ్చని యంత్రాన్ని మంచులోకి తీసుకెళ్తే మొదటి విసురు దాని ఒంటి మీద కరిగి, గొట్టం గోడలకు అంటుకుని, మళ్లీ గడ్డకడుతుంది. వెచ్చని బ్యాటరీ, చల్లని యంత్రం. గొట్టం లోపల సిలికాన్ స్ప్రే కొడితే తడి ముద్దలు జారిపోతాయి. అది లేని రోజు వంటనూనె స్ప్రే కూడా కాసేపు పనిచేస్తుంది.

ఇన్ని లెక్కలూ సరిగ్గా వేసుకున్నవాళ్లను కూడా ఓడించేది డ్రైవ్‌వే చివర్లోని గట్టు. మీరు అంతా శుభ్రం చేసి లోపలికి వచ్చి టీ పెట్టుకుంటారు. నగరపాలక లారీ తన పెద్ద పలకతో రోడ్డు మీద మంచును కుడివైపుకు నెట్టుకుంటూ వచ్చి, మీ బాట నోటికి అడ్డంగా మోకాలెత్తు కట్ట కట్టి వెళ్తుంది. అది మామూలు మంచు కాదు. నలిగి, గాలి పోయి, ఉప్పు కలిసి, గంటలో ఇటుకల్లా బిగుసుకునే గడ్డల కుప్ప. చిన్న విద్యుత్ తెడ్లకు ఇది అసలు పనికిరాని మేత. పారతో ముందు పగలగొట్టి, వదులు చేసి, ఆ పొడిని యంత్రానికి అందించాలి. అదీ లారీ వెళ్లిన వెంటనే, బిగుసుకోకముందే. ఒక ఉపాయం ఉంది. ఇంటి నుంచి రోడ్డు వైపు చూస్తూ నిలబడితే ఇక్కడ మీ వైపు లారీ మీ ఎడమ నుంచి కుడికి వెళ్తుంది. బాట నోటికి ఎడమవైపు, రోడ్డు అంచున, మూడు నాలుగు మీటర్ల మేర ముందుగానే ఖాళీ చేసి ఉంచితే పలక మీది మంచు చాలావరకు ఆ ఖాళీలో రాలిపోతుంది, మీ బాటకు మిగిలేది తక్కువ. పొలం గట్టుకు మడవ ఎక్కడ తీయాలో తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

మా నాన్నగారికి అది నేను చెప్పకుండానే అర్థమైంది. ఆయన గుంటూరు జిల్లా నుంచి మొదటిసారి శీతాకాలంలో వచ్చినప్పుడు, పగలు రాత్రి తారుమారై నాలుగింటికే లేచేవారు. వాకిట్లో చెత్త ఉంటే పొద్దెక్కేదాకా ఊరుకునే మనిషి కాదు. ఒకరోజు నేను లేచేసరికి శాలువా కప్పుకుని, పార పట్టుకుని బాట నోట్లో గట్టును తవ్వుతున్నారు. దగ్గరికి పరుగెత్తాను. "ఏమీ లేదులేరా, కాస్త ఆయాసం, అంతే" అన్నారు. ఆ ఉదయం ఏమీ జరగలేదు. కాని ఆ తర్వాత చదివిన కొద్దీ భయపడ్డాను. అమెరికాలో 1990 నుంచి 2006 వరకు మంచు పార పని మీద జరిపిన అధ్యయనంలో లెక్కకు వచ్చిన మరణాలు 1,600కు పైగా ఉన్నాయి, అవి గుండెకు సంబంధించినవి. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. చేతులతో చేసే బరువు పని కాళ్లతో చేసే పని కంటే గుండెను ఎక్కువగా పరుగెత్తిస్తుంది. బరువెత్తేటప్పుడు తెలియకుండానే ఊపిరి బిగబడతాం. ఇవన్నీ ఒకేసారి, నిద్ర లేచిన పావుగంటకే మీద పడతాయి. పైగా 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు మిగతావారికంటే ఐదారేళ్లు ముందుగా, సగటున 53 ఏళ్ల ప్రాయంలో వస్తోంది. శీతాకాలంలో మన ఇళ్లకు వచ్చే తల్లిదండ్రులు ఆ వయసు దాటినవారే. పార తలుపు పక్కన ఉంచకండి. బాట శుభ్రం చేయడం మీ పని అని వాళ్లకు ముందే చెప్పండి. చిన్న యంత్రం కొనడానికి నాకు తెలిసిన అతి బలమైన కారణం ఇదే. అయినా యంత్రం చలిని తగ్గించదు. ఛాతీలో బిగువు, దవడ నొప్పి, చల్లటి చెమట కనిపిస్తే పని అక్కడే వదిలేసి అత్యవసర సాయం కోసం 911కు ఫోను చేయాలి.

గుండె తర్వాత వేళ్లు. గొట్టం పూడుకోగానే చేయి పెట్టి లాగేయాలనిపిస్తుంది. మోటారు ఆపినా బెల్టులో, తెడ్లలో బిగువు మిగిలి ఉంటుంది. అడ్డు తొలగిన క్షణాన తెడ్డు ఒక్కసారి తిరుగుతుంది. ఆ ఒక్క తిరుగుడు వేళ్లకు చాలు. ఇలాంటి ప్రమాదాలు తడి, బరువు మంచు రోజుల్లోనే ఎక్కువ, ఎందుకంటే గొట్టం పూడుకునేది అప్పుడే. విద్యుత్ యంత్రంలో ఇంకో చిక్కు ఉంది. పెట్రోలు ఇంజను ఆగితే మోత ఆగుతుంది, ఆగిందని చెవికి తెలుస్తుంది. ఇది ఆగినా, సిద్ధంగా ఉన్నా ఒకేలా నిశ్శబ్దంగా ఉంటుంది. బ్యాటరీ ఊడదీయాలి లేదా తీగ పీకాలి, కొన్ని క్షణాలు ఆగాలి, యంత్రంతో ఇచ్చిన ప్లాస్టిక్ గరిటతోనే తవ్వాలి. చేయి మాత్రం ఎన్నడూ వద్దు.

విసిరే దిక్కు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తూర్పారబట్టేవాడు ముందు గాలి చూసుకుంటాడు, ఇక్కడా అంతే. ఎదురుగాలిలో విసిరితే పొడి మంచంతా మొహం మీదికే వస్తుంది. పెద్ద తుపాను రోజున అంతా పడ్డాక ఒకేసారి తీయడం కంటే, మూడు నాలుగు అంగుళాలకు ఒకసారి బయటకు వెళ్లడం చిన్న యంత్రానికి సరైన పద్ధతి. ప్రతిసారీ బ్యాటరీ మళ్లీ నిండుతుంది, మంచు అణిగి బరువెక్కకముందే పోతుంది. రోడ్డు మీదికి మాత్రం నెట్టకూడదు, మిషిగన్‌లో అది చట్టవిరుద్ధం. ఇంటి ముందు కాలిబాట మీద మంచు తీయడం చాలా ఊళ్లలో ఇంటివారి బాధ్యత. షికాగోలో రాత్రి పడినదాన్ని పొద్దున పదింటిలోపు తీసేయాలి.

ఎవరికి సరిపోదో కూడా చెప్పాలి. డెట్రాయిట్‌లో ఏడాదికి సగటున 45 అంగుళాల మంచు పడుతుంది, ఎక్కువగా కొద్ది కొద్దిగా. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో సగటు 95 అంగుళాల దగ్గర ఉంటుంది. సరస్సు మీదుగా వచ్చే మంచు ఒక్కోసారి అక్కడ ఊళ్లనే పూడ్చేస్తుంది. 2022 నవంబరులో బఫెలో పక్కనున్న ఆర్చర్డ్ పార్కులో నాలుగు రోజుల్లో 80 అంగుళాలు పడింది. ఆ ప్రాంతం వాళ్లు, పొడవాటి బాటలున్నవాళ్లు రెండంచెల యంత్రమే కొనాలి. పెట్రోలుదైతే గరాజు తలుపు మూసి ఎన్నడూ నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. టౌన్‌హౌసు, చిన్న బాట, సిమెంటు నేల ఉన్నవాళ్లకు మాత్రం చిన్న విద్యుత్ యంత్రానికి సాటి లేదు. పెట్రోలు నిల్వ లేదు, నూనె మార్పు లేదు, ఏడాది పొడవునా నిలిచి జిగురెక్కే కార్బురేటరు లేదు. తెల్లవారి ఐదింటికి నడిపినా పక్కింటి పసిపాప మేలుకోదు.

ఏప్రిల్‌లో నేను చేసే పని కొద్దిగానే. బ్యాటరీని సగం దాకా నింపి ఇంట్లో చల్లటి అల్మరాలో పెడతాను, నిండుగా పెట్టి వేసవి గరాజు వేడిలో వదిలేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. ఉప్పు నీటి మరకలు తుడుస్తాను. యంత్రాన్ని వెల్లకిలా తిప్పి తెడ్లు, కింద నేలను గీరే ప్లాస్టిక్ పట్టీ చూస్తాను. నాలుగో ఏడు మొదటిసారి వాటిని మార్చాను. కొన్ని బోల్టులు, అరగంట పని. పాత తెడ్డును కొత్తదాని పక్కన పెడితే అంచున చిటికెన వేలి మందం అరిగిపోయి ఉంది. ఆ శీతాకాలమంతా యంత్రం వెళ్లిన ప్రతి చాలులోనూ పలచటి తెల్లటి పొర ఎందుకు మిగిలిపోయిందో, మధ్యాహ్నానికి అది ఎందుకు గాజులా బిగుసుకుందో అప్పుడు తెలిసింది.